కిడ్నీ ధమని సన్నబడి బీపీ పెరిగినప్పుడు: స్టెంటుకు ముందు తేల్చుకోవలసినవి

మూడు రకాల బీపీ మాత్రలు పూర్తి మోతాదులో వేసుకుంటున్నా పై అంకె 160 దగ్గరే నిలిచిపోతే, డాక్టరు కడుపు స్కానింగుతో పాటు కిడ్నీ డాప్లర్ పరీక్ష (నాళంలో రక్తం పారే తీరును చూసే స్కానింగు) కూడా రాస్తారు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆ రిపోర్టు చేతికి వచ్చి, అందులో మూత్రపిండానికి వెళ్లే ధమని 70 శాతం సన్నబడిందని ఉంటే, ఇంటిల్లిపాదికీ మొదట తోచే ప్రశ్న స్టెంటు, అంటే ధమనిని తెరిచి ఉంచే జాలీ గొట్టం, ఎప్పుడు వేయించాలన్నదే. గుండెపోటు వచ్చినప్పుడు వెంటనే స్టెంటు వేసి ప్రాణం నిలబెట్టిన సంగతులు ప్రతి ఇంట్లోనూ విని ఉంటాము కనుక, కిడ్నీకి కూడా అదే న్యాయం వర్తిస్తుందనుకోవడం సహజం. కాని వర్తించదు. ఇక్కడ తొందర అక్కరలేని రోగులే ఎక్కువ. తొందరపడి తీరవలసిన కొద్దిమంది వేరుగా ఉన్నారు. మన రోగి ఏ కోవలోకి వస్తారో ఎలా తెలుసుకోవాలి, ఈలోగా మందులు ఎలా వాడుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

అసలు ఏం జరుగుతోంది

మూత్రపిండం రక్తాన్ని వడకట్టడమే కాక, తనకు అందే రక్తం ఒత్తిడిని అనుక్షణం గమనిస్తూ ఒంట్లోని బీపీని సరిదిద్దుతూ ఉంటుంది. దానికి వెళ్లే ధమని సన్నబడితే ఆ ఇరుకుకు అవతల ఒత్తిడి తగ్గుతుంది. కృష్ణా కాలువ చివరి ఊళ్లో పిల్ల కాలువ పూడిపోయి పొలానికి నీరు అందకపోతే, పూడిక సంగతి చూడకుండా ప్రకాశం బ్యారేజీ దగ్గర మరింత నీరు వదిలినట్లుగా ఉంటుంది తరువాతి కథ: ఆ పొలం సంగతి ఎలా ఉన్నా మిగిలిన పొలాలు మునుగుతాయి. దారిలో అడ్డంకి ఉందని మూత్రపిండానికి తెలియదు. శరీరమంతటా బీపీ పడిపోయిందనుకుని రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. రెనిన్ వల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది. ఆ హార్మోను ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెడుతుంది. ఫలితంగా బీపీ పెరుగుతుంది. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కుక్కల మూత్రపిండ ధమనులను చిన్న బిగింపుతో నొక్కి ఉంచి, అంతమాత్రం చేతనే బీపీ పెరిగి నిలిచిపోతుందని చూపించారు. ఈ జబ్బుకు ఏ మందు పనిచేస్తుందో, అదే మందు ఎప్పుడు ముప్పు తెస్తుందో అర్థం కావాలంటే ఈ రెనిన్ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎవరిని అనుమానించాలి

బీపీ ఉన్న ప్రతివారికీ ఈ పరీక్షలు అవసరం లేదు. ముప్పై ఏళ్ల లోపు, కుటుంబంలో ఎవరికీ లేకుండా, ఒళ్లు బరువు కూడా లేకుండా గట్టి బీపీ వచ్చినవారిని అనుమానించాలి. అలాగే యాభై అయిదు దాటాక హఠాత్తుగా తీవ్రమైన బీపీ మొదలైనవారిని, ఏళ్ల తరబడి అదుపులో ఉన్న బీపీ ఉన్నట్టుండి మాట వినడం మానేసినవారిని, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రతో సహా మూడు మందులు వాడుతున్నా తగ్గనివారిని అనుమానించాలి. స్కానింగులో ఒక కిడ్నీ మరొకదానికంటే ఒకటిన్నర సెంటీమీటరు, అంతకు మించి చిన్నదిగా కనబడటం, రక్తంలో పొటాషియం కారణం లేకుండా తగ్గి ఉండటం, పొట్టపై స్టెతస్కోపు పెట్టినప్పుడు రక్తం సుడి తిరిగే శబ్దం వినబడటం కూడా ఆనవాళ్లే.

రెండు సూచనలకు మరింత బరువు ఉంది. ఒకటి, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మాత్ర మొదలుపెట్టిన కొద్ది రోజులకే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే పెరిగే అంకె) బాగా పెరగడం. రెండు, గుండె కొట్టుకునే బలం బాగానే ఉన్నా అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చోవలసి రావడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆసుపత్రిలో చెప్పడం, అదీ ఒకటికి రెండుసార్లు జరగడం. ఈ రెండో రకం వారికి స్టెంటు సంగతి నిజంగానే ముందుకు వస్తుంది. అటువంటి ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా, సొంత కారు కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేయాలి.

పరీక్షలకు ముందు ఒక పని ఇంట్లోనే ఉంది. బీపీ నిజంగా ఎంత ఉందో తేల్చుకోవాలి. ఓపీలో గంటన్నర కూర్చుని, పేరు పిలవగానే లేచి వెళ్లి చూపించుకున్న బీపీని బట్టి నాలుగో మాత్ర చేర్చించుకున్నవారు తక్కువేమీ కాదు. పై చేతికి కట్టే డిజిటల్ మిషను కొనుక్కోవాలి. మణికట్టుకు కట్టేది వద్దు. కాఫీ, సిగరెట్టు అరగంట ముందే ముగించి, మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండు అంకెలూ రాసుకోవాలి. ఉదయం మాత్ర వేసుకోకముందు, రాత్రి పడుకునేముందు, ఇలా వారం రోజులు చూసి, మొదటి రోజు అంకెలు తీసేసి మిగతావాటి సగటు కట్టాలి. మొదటిసారి రెండు చేతులకూ చూడటం తప్పనిసరి. ఎందుకో కింద తకయాసు అనే జబ్బు గురించి చెప్పినప్పుడు తెలుస్తుంది.

కారణం మూడింటిలో ఏది

ధమని సన్నబడిందని తెలిస్తే సరిపోదు, ఎందుకు సన్నబడిందో తెలియాలి. చికిత్స అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పెద్ద వయసువారిలో చాలావరకు కొవ్వు పేరుకోవడమే కారణం. షుగరు, కొలెస్టరాలు, పొగతాగడం కలిసి గుండె నాళాలను, కాళ్ల నాళాలను ఎలా పాడుచేస్తాయో దీన్నీ అలాగే పాడుచేస్తాయి. ఈ ఇరుకు సాధారణంగా ధమని మొదట్లోనే, బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) నుంచి చీలే చోటే ఉంటుంది. వీరికి కిడ్నీ కంటే గుండెపోటు, పక్షవాతం ముప్పే ఎక్కువ కనుక వైద్యం మొత్తం శరీరానికి జరగాలి.

రెండోది ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా. ఎక్కువగా యువ, నడివయసు స్త్రీలలో కనిపిస్తుంది. కొవ్వుతో సంబంధం లేదు. ధమని గోడలోని కండర పొర తీరు తప్పి, యాంజియోగ్రాములో (రంగు మందు ఎక్కించి రక్తనాళాలను తీసే చిత్రంలో) పూసలదండలా కనిపిస్తుంది. మందులు ఏళ్లకేళ్లు మింగించే కంటే, ధమనిలోకి చిన్న బెలూను పంపి ఉబ్బించి తెరవడం గురించి ముందే ఆలోచించవలసిన జబ్బు ఇదే.

మూడోది తకయాసు జబ్బు. 1908లో దీన్ని వర్ణించిన జపాన్ కంటి వైద్యుడి పేరే దానికి స్థిరపడింది. బృహద్ధమని, దాని పెద్ద కొమ్మలు వాచి, గోడలు మందమెక్కి లోపలి దారి సన్నబడిపోతుంది. మన దేశంలో యువతుల్లో కిడ్నీ ధమని సన్నబడిందంటే ముందుగా దీన్నే తలచుకోవాలి. ఇరవై రెండేళ్ల అమ్మాయికి బీపీ 170 ఉంటే చదువు టెన్షను అనుకుని నిద్రమాత్ర ఇచ్చి పంపడం ఇప్పటికీ జరుగుతోంది. పెళ్లి సంబంధాలు చూసే వయసు కనుక ఇంట్లోవాళ్లు కూడా పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవడానికి వెనకాడుతారు. ఆ వెనుకాటు వల్ల పోయే కాలంలో కిడ్నీ కుంచించుకుపోవచ్చు. నెలల తరబడి చిన్న జ్వరం, బరువు తగ్గడం, బట్టలు ఉతుకుతుంటేనో జడ వేసుకుంటుంటేనో చెయ్యి లాగి దించేయవలసి రావడం, ఒక మణికట్టు దగ్గర నాడి అందకపోవడం వంటివి ఉంటే తప్పక చెప్పాలి. ఈ జబ్బులో చేతికి వెళ్లే ధమని కూడా సన్నబడి ఉండవచ్చు. అప్పుడు ఆ చేతిలో బీపీ 110 చూపిస్తుంది, నిజానికి గుండె దగ్గర అది 180 ఉండవచ్చు. అందుకే రెండు చేతులకూ, అవసరమైతే కాళ్లకూ చూడాలి. ఎక్కువ చూపించిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

పరీక్షలలో డాప్లర్ మొదటి మెట్టు. సూది లేదు, మందు లేదు. కాని లావుపాటి వారిలోనూ, కడుపులో గాలి ఉన్నప్పుడూ సరిగా కనబడదు, చేసేవారి చేతి నేర్పు మీద ఆధారపడుతుంది. అందువల్ల పరగడుపున వెళ్లాలి, వీలైతే కిడ్నీ డాప్లర్లు నిత్యం చేసే చోటుకు వెళ్లాలి. సందేహం మిగిలితే సీటీ యాంజియోగ్రామ్ చేస్తారు. అందులో ఎక్కించే రంగు మందు బలహీనమైన కిడ్నీకి భారమవుతుంది కనుక క్రియాటినిన్ రిపోర్టు వెంట ఉండాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పాలి. ఎమ్మారై యాంజియోగ్రామ్‌లో వాడే గాడోలినియం కూడా కిడ్నీ పనితీరు బాగా పడిపోయినవారికి కొన్ని రకాల్లో క్షేమం కాదు. తొడలోంచి గొట్టం పంపి చేసే యాంజియోగ్రామ్, బెలూనో స్టెంటో చేయాలని నిర్ణయం దాదాపు జరిగిపోయాకే చేయించుకోవాలి.

మందులు, రెండు వారాల రక్తపరీక్ష

ఈ జబ్బులో బీపీని పెంచుతున్నది రెనిన్ గొలుసు కనుక, దాన్ని తెంచే మందులే, అంటే రామిప్రిల్, ఎనలాప్రిల్ కుటుంబం గాని, టెల్మిసార్టాన్, లోసార్టాన్ కుటుంబం గాని, అన్నిటికంటే బాగా పనిచేస్తాయి. క్రియాటినిన్‌ను పెంచేవి కూడా అవే. ఈ వైరుధ్యం చూసి కొందరు డాక్టర్లు ఆ మందు పేరెత్తరు, కొందరు రాసి పరీక్ష మరిచిపోతారు. రెండూ సరి కాదు.

ధమని సన్నబడి రక్తం తక్కువగా వస్తున్నప్పుడు, వడపోత ఆగిపోకుండా మూత్రపిండం ఒక ఏర్పాటు చేసుకుంటుంది: జల్లెడ వంటి ముడి నుంచి రక్తం బయటికి పోయే దారిని యాంజియోటెన్సిన్‌తో బిగించి, లోపలి ఒత్తిడిని నిలుపుకుంటుంది. మాత్ర ఆ బిగింపును సడలిస్తుంది. ఒక్క కిడ్నీ ధమనే సన్నబడి, రెండోది బాగుంటే ఆ రెండోది భారం మోస్తుంది, క్రియాటినిన్ కాస్త పెరిగి ఆగిపోతుంది. రెండు వైపులా సన్నబడి ఉన్నా, ఉన్నది ఒకటే కిడ్నీ అయినా మోసేవారు లేరు, అంకె పైకి లేస్తుంది. అలాగని వారిలో ఈ మందు పూర్తిగా నిషిద్ధం కాదు, చాలామంది తట్టుకుంటారు. తట్టుకుంటున్నారా లేదా అన్నది రక్తపరీక్షే చెప్పాలి.

కాబట్టి మందు మొదలుపెట్టకముందు క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోగా మళ్లీ చూపించుకోవాలి. మోతాదు పెంచిన ప్రతిసారీ ఇదే వరుస. ముప్పై శాతం లోపు పెరుగుదలను సాధారణంగా సహించవచ్చు. ఉదాహరణకు ముందు 1.1 ఉన్న క్రియాటినిన్ రెండు వారాలకు 1.3 అయితే భయపడి మందు ఆపనక్కరలేదు, మరి కొద్ది వారాలకు మళ్లీ చూసుకుంటే చాలు. అదే 1.6 అయితే 45 శాతం పెరిగినట్లు. అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. పొటాషియం 5.5 దాటినా అంతే. రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించుకోవడం మేలు, లేకపోతే తేడా కిడ్నీదో ల్యాబుదో తేలదు.

ఒక మందుతో పని జరగదు. ఆమ్లోడిపిన్ వంటిది, క్లోర్‌థాలిడోన్ వంటి మూత్రం మాత్ర, కొందరికి మెటోప్రోలాల్ వంటిది తోడవుతాయి. మన మార్కెట్లో ఇవి రెండు మూడు కలిసిన మాత్రలుగా రావడం వల్ల ఒక చిక్కు ఉంది. ఒక డాక్టరు టెల్మిసార్టాన్ కలిసిన మాత్ర ఒక పేరుతో రాస్తారు, గుండె డాక్టరు రామిప్రిల్ మరో పేరుతో రాస్తారు, రోగి రెండూ మింగుతారు. ఈ రెండు కుటుంబాలనూ కలిపి వాడకూడదు. లాభం పెరగదు, కిడ్నీకి, పొటాషియానికి ముప్పు పెరుగుతుంది. మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి, వెనుక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేర్లు డాక్టరుతో చదివించుకోవాలి.

గర్భం వచ్చినా, రావాలని అనుకుంటున్నా ఈ రెండు కుటుంబాల మందులూ పనికిరావు. కడుపులోని బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. పెళ్లయిన యువతికి ఈ మాట చీటీ రాసేటప్పుడే చెప్పాలి, చెప్పకపోతే అడగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, రోహిణీ కార్తె ఎండకు ఒళ్లు నీరు కోల్పోయి మూత్రం తగ్గినప్పుడు ఈ మాత్రలూ మూత్రం మాత్రా కొనసాగిస్తే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. అలాంటి రోజుల్లో ఏ మాత్ర ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ముందుగానే డాక్టరును అడిగి చీటీ వెనుక రాయించుకోవాలి. మోకాళ్ల నొప్పికని మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి బీపీని పెంచుతాయి, ఈ మందులతో కలిస్తే కిడ్నీని దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి.

కొవ్వు వల్ల సన్నబడినవారికి అటోర్వాస్టాటిన్ వంటి కొలెస్టరాలు మాత్ర, డాక్టరు తగునంటే ఆస్పిరిన్ తప్పక ఉండాలి. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న గుంటూరులో ఈ మాట చెప్పడం వింతగా ఉన్నా, సిగరెట్టు గాని చుట్ట గాని మానకుండా మిగిలిన వైద్యమంతా సగమే. తకయాసులో బీపీ మందులతో పాటు వాపు తగ్గించే స్టిరాయిడ్లు, ఇతర మందులు అవసరం కనుక రుమటాలజిస్టు (కీళ్ల, వాపు జబ్బుల డాక్టరు) దగ్గరికి వెళ్లాలి.

ఉప్పు సంగతి

మన వైపు కారానికి పడే నింద నిజానికి ఉప్పుకు చెందాలి. మిరపకాయ బీపీని పెంచదు. ఆవకాయలో, గోంగూర పచ్చడిలో, ఊర మిరపకాయల్లో, అప్పడాల్లో కారానికి తోడుగా పోసే ఉప్పు పెంచుతుంది, మూత్రం మాత్ర ప్రభావాన్ని తగ్గిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి, అదీ పచ్చళ్లలోని ఉప్పు కలుపుకుని. ప్యాకెట్టు తెరిచిన తేదీ దాని మీదే రాసి చూడండి. చాలా ఇళ్లలో నెల తిరగదు. ఊరగాయను పూర్తిగా మానమంటే ఎవరూ వినరు కనుక మొదటి ముద్దకు చిటికెడు అన్న హద్దు పెట్టి, మజ్జిగలో, అన్నం వండేటప్పుడు ఉప్పు ఆపేయడం ఆచరణలో నిలిచే పద్ధతి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడు ఉంటుంది. పైన చెప్పిన మందులు వాడేవారికీ కిడ్నీ బలహీనపడినవారికీ అది ప్రమాదం. రోజూ కొబ్బరినీళ్లు తాగే అలవాటు సంగతి కూడా పొటాషియం రిపోర్టు చూశాకే.

తెరవాలా, వద్దా

కొవ్వు వల్ల సన్నబడిన ధమనికి స్టెంటు వేస్తే మేలా అని పరీక్షించిన పెద్ద అధ్యయనాలు రెండు ఉన్నాయి. 2009లో వెలువడిన ఆస్ట్రల్‌లో 806 మంది, 2014లో అచ్చయిన కోరల్‌లో తొమ్మిది వందలకు పైగా రోగులు పాల్గొన్నారు. సరైన మందులకు స్టెంటును జోడించినంత మాత్రాన మరణాలు గాని, గుండెపోట్లు గాని, కిడ్నీ చెడిపోవడం గాని తగ్గలేదు. కోరల్‌లో బీపీ పై అంకెలో వచ్చిన తేడా రెండు పాయింట్ల పైచిలుకు మాత్రమే. కనుక మూడు మందులతో 130 దగ్గర నిలుస్తున్న బీపీకి, రిపోర్టులో 70 శాతం అని ఉన్నదన్న ఒక్క కారణంతో స్టెంటు వేయించుకోవడం నా దృష్టిలో అనవసరం. స్టెంటు వేయడానికి పంపే గొట్టం వెళ్లే దారిలో కొవ్వు రేణువులు రాలి కిడ్నీలో చిక్కుకోవచ్చు, ధమని గోడ చీలవచ్చు, వేసిన స్టెంటు మళ్లీ సన్నబడవచ్చు.

అయితే ఆ అధ్యయనాల్లో మరీ తీవ్రంగా ఉన్నవారు తక్కువ. మళ్లీ మళ్లీ ఊపిరితిత్తుల్లో నీరు చేరేవారు, రెండు వైపులా గాని ఉన్న ఒక్క కిడ్నీకి గాని ఇరుకు ఉండి క్రియాటినిన్ నెలల వ్యవధిలోనే పెరుగుతున్నవారు, నిజంగా పూర్తి మోతాదులో మందులు వాడినా బీపీ లొంగనివారు, పనికి వచ్చే మందులను తట్టుకోలేనివారు స్టెంటు గురించి ఆలోచించవలసిందే. ఫైబ్రోమస్క్యులర్ రకానికి మామూలుగా స్టెంటు లేకుండా బెలూను ఒక్కటే చాలు. చిన్న వయసులో, బీపీ వచ్చిన కొత్తలో చేస్తే కొందరికి మందులే అక్కరలేకుండా పోతాయి, ఎక్కువమందికి మాత్రల సంఖ్య తగ్గుతుంది. తకయాసులో వాపు చల్లారాకే తెరవాలి. వాపును తెలిపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ ఎక్కువగా ఉండగా తెరిస్తే మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. కిడ్నీ ఎనిమిది సెంటీమీటర్ల లోపుకు కుంచించుకుపోయి ఉంటే ధమని తెరిచినా అది కోలుకునే అవకాశం తక్కువ; పనిచేయని అటువంటి కిడ్నీయే బీపీని పెంచుతోందని తేలితే దాన్ని తీసివేయడం అరుదుగా ఒక మార్గం.

సంతకం పెట్టకముందు డాక్టరును అడగవలసినవి ఉన్నాయి: సన్నబడటానికి కారణం ఏది, కిడ్నీ పొడవు ఎంత, మందులు పూర్తి మోతాదులో ఎన్ని నెలలు ప్రయత్నించారు, తెరవడం వల్ల మీరు ఆశిస్తున్నది బీపీ తగ్గడమా కిడ్నీ నిలవడమా. విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దగ్గరే చేయించుకోండి. రెండో అభిప్రాయం కావాలనుకుంటే నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) కలవాలి, స్టెంటు వేసే మరో డాక్టరును కాదు. గుంటూరు, విజయవాడల్లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు, రెండు ఊళ్ల మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి కనుక ఒక పూట వెచ్చిస్తే జరిగే పని. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు తమకు రాసిన చికిత్స అందులో వస్తుందో లేదో డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బందిని అడగాలి.

తెరిచిన తరువాత

బెలూనో స్టెంటో చేసిన మొదటి రెండు రోజులు బీపీ హఠాత్తుగా పడిపోవచ్చు, పాత మోతాదులో మాత్రలన్నీ కొనసాగిస్తే కళ్లు తిరిగి పడిపోతారు. డిశ్చార్జి చీటీలో ఏ మాత్ర తగ్గించారో విడమరిచి చెప్పించుకోవాలి. స్టెంటు వేస్తే ఆస్పిరిన్‌తో పాటు, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ కొంతకాలం రాస్తారు, దాన్ని పన్ను తీయించుకోవడానికని సొంతంగా ఆపకూడదు. నెల తిరిగాక ఒకసారి, ఆరు నెలలు తిరిగాక ఒకసారి, ఆపైన ఏటా డాప్లర్ చూపించుకోవడం వాడుక. ఈ మధ్యలో బీపీ మళ్లీ ఎక్కడం మొదలైతే గడువు వరకు ఆగనక్కరలేదు. యాంజియోగ్రామ్ సీడీని రిపోర్టు కాగితంతో పాటు అడిగి తీసుకుని భద్రపరచాలి. అయిదేళ్ల తరువాత మరో ఊళ్లో మరో డాక్టరు చూసినప్పుడు, ధమని ఎక్కడ ఎంత సన్నబడి ఉండేదో ఆ సీడీలో తప్ప మరెక్కడా కనబడదు.